బూట్ల కంపు: సోడానా, పటికా, ఫ్యానా? ఎవరికి ఏది పనికొస్తుంది

పోయిన శ్రావణమాసంలో మా పెదనాన్న గారి అబ్బాయి గృహప్రవేశం. ఆ రోజు నాకు సెలవు దొరకలేదు. పొద్దున్నుంచి వానలో బైక్ మీద షాపులు తిరిగి, ఆర్డర్లు రాసుకుని, భోజనాల వేళకి అటునుంచి అటే వెళ్లాను. గుమ్మం బయట బూట్లు విప్పి రెండడుగులు వేశానో లేదో, అన్నయ్య కూతురు ముక్కు మూసుకుని అడిగింది: "బాబాయ్, నీ బూట్లో ఎలకేమన్నా చచ్చిందా?" అందరూ విననట్టే ఉన్నారు. వదిన మాత్రం ఏమీ మాట్లాడకుండా ఇంకో రెండు అగరొత్తులు వెలిగించింది.

ఆ తర్వాత మూడు నెలల్లో నేను కొనని సరుకు లేదు. స్ప్రే, పౌడర్, వంటసోడా, పటిక, బొగ్గు సంచులు, చివరికి కొత్త ఇన్‌సోల్స్ (బూటు లోపల పాదం కింద ఉండే మెత్తటి అట్టలు). కొన్ని బాగానే పనిచేశాయి. కొన్నింటితో బూట్లకు మల్లెపూల వాసన వచ్చింది, అంటే మల్లెపూలూ ఎలకా కలిసిన వాసన. మందుల షాపులోనో ఆన్‌లైన్‌లోనో ఇవన్నీ చూసి ఏది కొనాలో తేల్చుకోలేని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు కంపు ఎక్కడుందో తేల్చుకోండి

చెమటకి దానంతటదిగా వాసన దాదాపు ఉండదు. మన రెండు పాదాల్లో కలిపి సుమారు 2,50,000 స్వేద గ్రంథులుంటాయి. వాటి నుంచి వచ్చే తడినీ, అరికాలి నుంచి రాలే మృతచర్మాన్నీ బాక్టీరియా తింటుంది. అందరి చర్మం మీదా ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోవాలెరిక్ ఆమ్లం తయారుచేస్తుంది. మనం "కాళ్ల కంపు" అనేది ముఖ్యంగా దీన్నే. బ్రెవిబాక్టీరియం అనే ఇంకో జాతి గంధకం కలిసిన వాయువుల్ని వదులుతుంది. ఐరోపాలో లింబర్గర్ అనే జున్నును మాగబెట్టేది ఈ కుటుంబానికి చెందిన బాక్టీరియాయే. అందుకే కొంతమంది బూట్లు విప్పితే పిజ్జా షాపు గుర్తొస్తుంది.

ఈ కథలో మూడు పాత్రలున్నాయి: తడి, బాక్టీరియా, అది వదిలే ఆమ్లం. మార్కెట్లో దొరికే ప్రతి సరుకూ ఈ మూడింట్లో ఏదో ఒకదాని మీద పనిచేస్తుంది. ఏదీ చేయనిది వాటి మీద అత్తరు చల్లుతుంది. కొనేముందు "ఇది మూడింట్లో దేని పని పడుతుంది?" అని ఒక్కసారి అడిగి చూడండి, సగం సరుకు అక్కడే పక్కకు పోతుంది.

ఇక మీ ఇంట్లో కంపు ఎక్కడుందో చూడాలి. రాత్రి కాళ్లు సబ్బుతో బాగా కడిగి, తుడిచి, ఒక గంట చెప్పులేసుకుని తిరగండి. అప్పటికీ కాలు వాసన వేస్తే సమస్య చర్మంలో ఉంది. కాలు బాగుండి బూటు మాత్రం కంపు కొడుతుంటే ఇన్‌సోల్ బయటికి లాగి, దాన్నీ ఖాళీ బూటునూ విడివిడిగా వాసన చూడండి. చాలా ఇళ్లలో నేరస్థుడు ఆ ఇన్‌సోలే. అది బయటికి రాకుండా అతికించి ఉంటే బొటనవేలు ఉండే చివర చెయ్యి పెట్టి చూడండి, జిగురుగా చల్లగా తగులుతుంది.

అన్నట్టు, తమ పాదాలు కంపు కొడతాయని అనుకునేవాళ్లవి నిజంగానే కొడతాయట, కొట్టవనుకునేవాళ్లవి కొట్టవట. పాదాల కంపుకు కారణమైన రసాయనాలు ఏవో తేల్చిన జపాన్ షిసెయిడో కంపెనీ పరిశోధకులకు 1992లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) వచ్చింది, ఈ మాట దానికి సంబంధించిందే. ముక్కు మీద నమ్మకం ఉంచండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను మొదట్లో చేసిన తప్పు, సువాసన బాగున్నది కొనడం. చూడాల్సినవి వేరు. ఆ పద్ధతి మూలాన్ని తాకుతుందా, కంపును కప్పుతుందా? ఒకసారి చేస్తే ఎన్నాళ్లు ఉంటుంది? మీ బూటు దాన్ని తట్టుకుంటుందా? తోలు, కాన్వాసు, రెగ్జిన్, మెష్ అన్నీ ఒక తీరున ఉండవు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున్నే ఏడున్నరకి పిల్లాడి టిఫిన్ బాక్సు సర్దుతూ మీరు నిజంగా ఆ పని చేయగలరా? వారానికి నాలుగుసార్లు వెనిగర్‌లో కాళ్లు నానబెట్టాలి అంటే వినడానికి బాగుంటుంది. మూడో రోజుకి మానేస్తాం.

ఖర్చును చివర్లో పెట్టాను, ఎందుకంటే ఇక్కడ బాగా పనిచేసేవే చవక.

## కాటా చెప్పిన సంగతి

మా ఆవిడ కేకుల కోసం కొన్న చిన్న డిజిటల్ కాటా ఒకటుంది. ఒక ఆదివారం పూర్తిగా ఎండిన ఇన్‌సోల్‌ను దాని మీద పెట్టి చూశాను. 31 గ్రాములు. సోమవారం సాయంత్రం ఇంటికి రాగానే అదే ఇన్‌సోల్ 39 గ్రాములు తూగింది. అంటే ఎనిమిది గ్రాముల నీళ్లు, చిన్న చెంచాన్నర పైనే, ఒక్క ఇన్‌సోల్‌లో. దాన్ని బూట్లోనే ఉంచి, బూట్లను ఎప్పటిలా తలుపులున్న షూ ర్యాక్‌లో పెట్టేశాను. మంగళవారం పొద్దున తూచితే 36. అంటే నేను రోజూ ఐదు గ్రాముల పాత చెమట మీద కొత్త సాక్సు పెట్టి బయల్దేరుతున్నానన్నమాట.

మంగళవారం రాత్రి ఇన్‌సోల్స్ బయటికి తీసి, బూట్ల నాలుకలు పైకి లాగి, టేబుల్ ఫ్యాన్ నేల మీద పెట్టి వదిలేశాను. బుధవారం పొద్దున 31.

ఒక ఇంట్లో, ఒక జత మీద చేసిన లెక్క ఇది. మీ అంకెలు వేరుగా రావచ్చు. కానీ సోడా వెయ్యాలా స్ప్రే కొట్టాలా అన్న నా టెన్షన్ ఆ రోజుతో తగ్గింది. పొద్దుటికి బూటు ఎండకపోతే అందులో ఏం చల్లినా సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ఎండబెట్టడాన్ని నేను మిగతావాటితో సమానంగా పోల్చడం లేదు. అది అందరూ చేయాల్సింది. దానికి తోడుగా ఏది అన్నదే అసలు ఎంపిక.

## ఎండబెట్టడంలోనే నాలుగు దారులు

ఫ్యాన్. నా ఓటు దీనికే. బూట్ల నోళ్లు ఫ్యాన్ వైపు పెట్టి, ఇన్‌సోల్ విడిగా నిలబెట్టాలి. అన్ని రకాల బూట్లకీ పనికొస్తుంది, దేన్నీ పాడుచేయదు. ఒక్క లోపం, విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో వానాకాలం గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా ఎండుతుంది. ఇంట్లో ఏసీ ఉంటే ఆ రాత్రికి బూట్లను ఏసీ గదిలో ఒక మూల పెట్టండి. ఏసీ గాల్లోని తేమను లాగేస్తుంది. "పడకగదిలో బూట్లా?" అన్న మాట పడాల్సి వస్తుంది, అది మీ ఇంటి సంగతి.

ఎండ. బాక్టీరియా మీదా తడి మీదా రెండింటి మీదా పనిచేస్తుంది. కానీ ఎండ బూటు నోటి దాకే పోతుంది, వేళ్ల దగ్గరికి పోదు. కంపు ఎక్కువగా ఉండేది అక్కడే. పైగా మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో గంటలకొద్దీ పెడితే సోలు అంటించిన జిగురు వదులుతుంది, తోలు పగులుతుంది. పొద్దుటి ఎండలో గంట రెండు గంటలు చాలు. ఇన్‌సోల్స్‌ను మాత్రం హాయిగా ఎండలో వెయ్యండి.

పేపరు. వానలో తడిసి వచ్చిన రోజు దీన్ని మించింది లేదు. న్యూస్ పేపరు నలిపి వేళ్ల దాకా దూర్చి, గంట గంటన్నరకి ఆ తడి పేపరు తీసి కొత్తది పెట్టాలి. రాత్రి పెట్టి పొద్దున తీస్తే ఆ పేపరే తడిని పట్టుకుని కూర్చుంటుంది. తెల్ల కాన్వాసు బూట్లకి సిరా అంటుతుంది, వాటికి తెల్ల కాగితమో పాత బనియన్ గుడ్డో వాడండి.

సిలికా జెల్ పొట్లాలు. కొత్త బూట్ల పెట్టెలో వచ్చేవి దాచిపెట్టి వాడమని అందరూ చెప్తారు. ఈ గింజలు తమ బరువులో మహా అయితే నలభై శాతం నీళ్లు పీలుస్తాయి. ఒక గ్రాము పొట్లం అరగ్రాము కూడా తాగదు. నా ఇన్‌సోల్‌లో ఉన్నవి ఎనిమిది గ్రాములు. ఏడాదికోసారి తొడిగే పెళ్లి బూట్ల పెట్టెలో పెట్టడానికి బాగుంటాయి.

హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి, ఫ్రిజ్ వెనకాల, పొయ్యి పక్కన పెట్టడం వద్దు. బూటు ఎండుతుంది, సోలు ఊడుతుంది.

## తోడుగా ఏది?

### వంటసోడా

ఐసోవాలెరిక్ అనేది ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఆమ్లం లవణంగా మారుతుంది. లవణం గాల్లోకి లేవదు కాబట్టి ముక్కుకి అందదు. అంటే సోడా కంపును కప్పడం లేదు, దాని తీరే మార్చేస్తోంది. కొంత తడిని కూడా పీలుస్తుంది. ఒక్కో బూట్లో ఒకటి రెండు చెంచాలు వేసి, వేళ్ల చివరి దాకా పోయేలా ఊపి, రాత్రంతా ఉంచి పొద్దున దులిపెయ్యాలి.

దులపడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. సోడా ఉన్న బూటు అలాగే తొడిగితే చెమటతో కలిసి అరికాలు మండుతుంది. మా అబ్బాయి ఒకసారి అలాగే బడికి వెళ్లి, సాయంత్రం వచ్చేసరికి సాక్సు నిండా తెల్లటి ముద్దతో వచ్చాడు. తోలు బూట్లకి వారం వారం వేస్తుంటే తోలు బిరుసెక్కుతుంది. వాటికి సోడాను పాత సాక్సులో మూటగట్టి పెట్టండి, పని కాస్త నెమ్మదిస్తుంది గానీ తోలు మిగులుతుంది.

సోడా బాక్టీరియాను పెద్దగా చంపదు. అందుకే రెండు మూడు రోజుల్లో కంపు తిరిగొస్తుంది. సోడాలో వెనిగర్ కలిపి బుసబుస పొంగించే చిట్కా ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఏదో ఒకటి వాడండి.

### పటిక, చెమట తగ్గించే రోల్-ఆన్

ఇవి కాలికి వాడేవి. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటికే. అందులోని అల్యూమినియం లవణం చర్మాన్ని బిగిస్తుంది, చెమటను కొంత తగ్గిస్తుంది, బాక్టీరియాకు గిట్టదు. కిరాణా కొట్టులో చిన్న ముక్క కొంటే నెలలు వస్తుంది. పొడి చేసి, ఒక చెంచా గోరువెచ్చని నీళ్ల టబ్బులో కలిపి పది పదిహేను నిమిషాలు కాళ్లు ఉంచి, వేళ్ల సందులతో సహా తుడుచుకోవాలి.

పటిక కంటే గట్టిది యాంటీపెర్స్పిరెంట్. చంకల్లో వాడే రోల్-ఆన్‌నే అరికాళ్లకీ రాసుకోవచ్చు. డబ్బా మీద "అల్యూమినియం" అన్న పేరుతో ఏదైనా పదార్థం రాసుందో లేదో చూసుకోండి, లేకపోతే అది ఉత్త డియోడరెంట్, చెమట ఆపదు. రాయాల్సింది పొద్దున హడావిడిలో కాదు, రాత్రి పడుకునేముందు ఆరిన కాళ్లకి. రాత్రి చెమట తక్కువ కాబట్టి మందు గ్రంథుల నోటి దాకా వెళ్తుంది.

మడమల పగుళ్లున్నవాళ్లు రెండింటికీ దూరంగా ఉండాలి, భగ్గున మండుతుంది.

### పౌడర్లు

ఇక్కడ రెండు రకాల్ని జనం ఒకటే అనుకుంటారు. టాల్కమ్ పౌడర్ తడిని కాసేపు పీల్చి, ఆ తర్వాత వేళ్ల మధ్య ముద్దకడుతుంది. మందుల షాపులో దొరికే క్లోట్రిమజోల్ పౌడర్ ఫంగస్‌ను చంపుతుంది. వేళ్ల సందులు తెల్లగా నాని, దురదపెట్టి, పొట్టు లేస్తుంటే అదే కొనాలి. వరినాట్లప్పుడు నీళ్లలో నిలబడ్డవాళ్లకి కాళ్లు పాసిపోతాయే, అలా కనిపిస్తుంది. ఆ లక్షణాలేవీ లేకుండా ఉత్త కంపే ఉంటే యాంటీఫంగల్ పౌడర్ మీద డబ్బు పెట్టనక్కర్లేదు. కంపు చేసేది ఎక్కువగా బాక్టీరియా.

### స్ప్రేలు

త్వరగా చెప్పేస్తాను. ఆల్కహాల్ ఉన్న స్ప్రే కొంత బాక్టీరియాను చంపుతుంది, త్వరగా ఆరుతుంది, పెళ్లికి వెళ్లే ముందు పనికొస్తుంది. మిగతావి అత్తరు. తడి బూట్లో స్ప్రే కొట్టడమంటే స్నానం చేయకుండా సెంటు రాసుకోవడమే.

### ఉతకడం

కాన్వాసు, మెష్ బూట్లకి నెలకోసారి మంచిది. లేసులు, ఇన్‌సోల్స్ తీసి విడిగా ఉతకాలి, చల్లటి నీళ్లే వాడాలి, నురగ పోయేదాకా జాడించాలి. తోలు బూట్లని నీళ్లలో ముంచకండి. శనివారం సాయంత్రం ఉతికితేనే సోమవారానికి ఎండుతాయి. ఆదివారం రాత్రి ఉతికి, సగం తడి బూట్లతో పిల్లల్ని పంపితే ఉతకకపోయినా బాగుండేది అనిపిస్తుంది.

### కొత్త ఇన్‌సోల్

ఇన్ని చేసినా లొంగని జత ఒకటి మా ఇంట్లో ఉండేది. దాని ఇన్‌సోల్ మీద ఐదు వేళ్ల అచ్చు నల్లగా, నూనె మెరుపుతో దిగిపోయింది. ఆ ఫోమ్‌లో ఏడాది చెమట ఉంది. కొత్త ఇన్‌సోల్స్ తెచ్చి వేశాక ఆ జత బాగుపడింది. షాపులో లోపలి సోల్ అన్నా ఇస్తారు. సైజు పెద్దది తెచ్చి, పాతదాన్ని మీద పెట్టి గీత గీసి కత్తిరించుకోండి. రెండు జతల ఇన్‌సోల్స్ ఉంచుకుని రోజు మార్చి రోజు వాడితే సగం ధరకి రెండో జత బూట్లు కొన్నట్టే.

### యూవీ యంత్రాలు

2025 సెప్టెంబరులో ఇగ్ నోబెల్ ఇంజినీరింగ్ డిజైన్ బహుమతి మన దేశానికి చెందిన వికాశ్ కుమార్, సార్థక్ మిత్తల్‌లకు వచ్చింది. విషయం కంపు బూట్లు, షూ ర్యాక్. అతినీలలోహిత కాంతి ఉన్న ర్యాక్ ఒకటి తయారుచేసి చూశారు. రెండు మూడు నిమిషాల కాంతితో బాక్టీరియా చచ్చింది. పది పదిహేను నిమిషాలు పెడితే బూట్లే కాలిన రబ్బరు వాసన కొట్టాయి. నవ్వొచ్చే బహుమతే గానీ ఇందులో కొనేవాళ్లకి పనికొచ్చే సంగతి ఉంది: కాంతి వేళ్ల చివరి దాకా పడాలి, ఎక్కువసేపు పడకూడదు. బూటు లోపలికి దూరే దీపం, దానంతటదే ఆగిపోయే టైమర్, మూత తీస్తే ఆరిపోయే ఏర్పాటు లేని చవక యంత్రం కొనకండి. ఆ కాంతి కళ్లకీ చర్మానికీ మంచిది కాదు. నలుగురైదుగురు బూట్లు వేసుకునే ఇల్లయితే ఆలోచించవచ్చు. ఇదీ తడిని తియ్యదు, ఫ్యాన్ తప్పదు.

### ఫ్రీజర్

బూట్లు కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టమంటారు. ఆ చలికి బాక్టీరియా ఎక్కువగా నిద్రపోతుంది, చావదు. వెచ్చటి కాలు తగిలితే లేస్తుంది. పక్కన ఇడ్లీ పిండి ఉన్న ఫ్రిజ్‌లో బూట్లు పెట్టేంత లాభం ఇందులో లేదు.

## ఒక్క చూపులో

| పద్ధతి | దేని మీద పని | ఎన్నాళ్లు | దేనికి వద్దు | ఖర్చు |
|---|---|---|---|---|
| ఫ్యాన్, ఇన్‌సోల్ బయటికి | తడి | ఆ రోజుకి | అన్నిటికీ సరే | కరెంటు |
| పొద్దుటి ఎండ | తడి, కొంత బాక్టీరియా | ఆ రోజుకి | తోలుకి ఎక్కువసేపు వద్దు | లేదు |
| వంటసోడా | ఆమ్లం | రెండు మూడు రోజులు | తోలుకి నేరుగా వద్దు | చాలా తక్కువ |
| పటిక | చెమట, బాక్టీరియా | ఒకటి రెండు రోజులు | పగిలిన కాళ్లు | చాలా తక్కువ |
| యాంటీపెర్స్పిరెంట్ | చెమట | ఒకటి రెండు రోజులు | పగిలిన కాళ్లు | మధ్యస్థం |
| క్లోట్రిమజోల్ పౌడర్ | ఫంగస్ | వాడినన్నాళ్లు | ఉత్త కంపుకి అనవసరం | మధ్యస్థం |
| సెంటు స్ప్రే | మన ముక్కు | గంట రెండు గంటలు | తడి బూట్లు | ఎక్కువే |
| కొత్త ఇన్‌సోల్ | పేరుకున్న అన్నీ | నెలలు | అతికించిన ఇన్‌సోల్ ఉన్నవి | మధ్యస్థం |
| యూవీ యంత్రం | బాక్టీరియా | ఒకటి రెండు రోజులు | టైమర్ లేకపోతే ఏ బూటుకీ | చాలా ఎక్కువ |

## సాక్సుల సంగతి

"కాటన్ వేసుకో" అన్నది సగం నిజం. కాటన్ చెమటను బాగా పీలుస్తుంది, కానీ వదలదు, తడిసి కాలికి అతుక్కుని ఉంటుంది. మధ్యాహ్నం మార్చుకోగలిగితే కాటనే మంచిది. మార్చుకునే వీలు లేక పది గంటలు నడవాల్సినవాళ్లకి ఆటల కోసం అమ్మే పలచటి మిశ్రమ నేత సాక్సులు మేలు, కాలి దగ్గరి తడిని బయటి వైపుకి లాగుతాయి. ఉత్త నైలాను, పాలిస్టర్ సాక్సులు చవకే గానీ వాసనను పట్టుకుని ఉతికినా వదలవు. ఏ రకమైనా తిరగేసి ఉతకండి, చర్మం పొట్టు లోపలి వైపే ఉంటుంది.

సాక్సులు లేకుండా స్నీకర్లు వేసుకోవడం కుర్రాళ్లలో ఫ్యాషన్. ఉతకగలిగే సాక్సుకి పట్టాల్సిన మురికిని ఉతకలేని ఫోమ్‌కి పట్టించడం అది.

## మీరు ఎవరు?

బడి పిల్లల తల్లిదండ్రులైతే: నల్ల స్కూలు బూట్లలో చాలావరకు రెగ్జినే, గాలి ఆడదు. పొద్దున ఎనిమిదికి తొడిగితే సాయంత్రం ఐదుకి విప్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి పిల్లలకిచ్చే కిట్‌లో ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు ఉంటాయి. రెండో జత బూట్లు కొనే వీలు అందరికీ ఉండదు. కాబట్టి సాక్సులు ఇంకో రెండు జతలు కొని, రాత్రి ఫ్యాన్, శుక్రవారం రాత్రి సోడా. ఇవి చాలు. స్ప్రేలూ యంత్రాలూ వద్దు. బూటు విప్పగానే నేరుగా ర్యాక్‌లో పడేసే అలవాటు మాన్పించడమే కష్టం. మా అబ్బాయికి ఇంకా చెప్తూనే ఉన్నాను.

ఫ్యాక్టరీలో సేఫ్టీ షూ వేసుకునేవాళ్లయితే: ఇనుప టో ఉన్న బరువైన బూటు, షిఫ్టు మొత్తం విప్పే వీలుండదు, కంపెనీ ఇచ్చేది ఒకటే జత. మీరు పెట్టాల్సిన డబ్బు రెండో జత ఇన్‌సోల్స్ మీద, రాత్రి రాసే యాంటీపెర్స్పిరెంట్ మీద. భోజనాల వేళ సాక్సు మార్చుకోగలిగితే ఇంకా మంచిది. షిఫ్టు అయ్యాక బూట్లను ఇనుప లాకర్లో పెట్టి తాళం వేస్తే మర్నాటికి అలాగే ఉంటాయి. కనీసం ఇన్‌సోల్స్ ఇంటికి తెచ్చుకోండి.

ఆఫీసుకి తోలు బూట్లు వేసుకునేవాళ్లయితే: రెండో జత కొనడమే మీకు లాభం. తోలు పూర్తిగా ఎండడానికి ఒక రోజు పైనే పడుతుంది. రెండు జతలు మార్చి మార్చి వేస్తే కంపు తగ్గడమే కాదు, రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి. సోడా మూటలోనే, ఎండబెట్టడం నీడపట్టునే.

నాలాగా బైక్ మీద తిరిగేవాళ్లయితే: వానాకాలం నాలుగు నెలలూ మూసిన బూట్లు మానెయ్యండి. నేను ఇప్పుడు పట్టీలున్న శాండల్స్ వేసుకుని, కాళ్లు తుడుచుకునే గుడ్డ డిక్కీలో పెట్టుకుంటున్నాను. షాపువాళ్లు ఒక్కరు కూడా ఏమీ అనలేదు. మా మేనేజరు మాత్రం ఒకసారి కాళ్ల వైపు చూసి ఊరుకున్నాడు.

షుగర్ ఉన్నవాళ్లయితే: కాళ్లు నానబెట్టే చిట్కాలేవీ వద్దు, పటిక అయినా వెనిగర్ అయినా తేయాకు డికాక్షన్ అయినా. స్పర్శ తగ్గిన కాలికి నీళ్ల వేడి తెలియదు, నానిన చర్మం త్వరగా పుండవుతుంది. బూటును బాగుచేసుకోండి, కాలికి కడిగి తుడవడం చాలు. వేళ్ల సందుల్లో ఏ మార్పు కనిపించినా డాక్టరుకి చూపించండి.

## చిట్కాలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

కాళ్లు కడిగాక, ఇంకా తడిగా ఉండగానే అరికాలు వెలుతురులో చూడండి. మడమ మీద, వేళ్ల కింద ఉబ్బిన చోట్ల గుండుసూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు కనిపిస్తే, కంపు భరించలేనంతగా ఉంటే, అది పిట్టెడ్ కెరటోలైసిస్ అనే చర్మవ్యాధి కావచ్చు. కైటోకాకస్ సెడెంటేరియస్ లాంటి బాక్టీరియా చర్మం పైపొరను తినడం వల్ల ఆ గుంటలు పడతాయి. రోజంతా బూట్లలో ఉండే పోలీసులకి, సైనికులకి, ఎప్పుడూ తడిలో పనిచేసేవాళ్లకి ఇది ఎక్కువ. సోడాకీ ఫంగస్ పౌడర్‌కీ ఇది లొంగదు. డాక్టరు పైన రాసే యాంటీబయాటిక్ మందు ఇస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అరచేతులూ అరికాళ్లూ ఏ పనీ లేకుండానే నీళ్లు కారేంత చెమటపట్టే వాళ్లు కూడా ఇంటి వైద్యంతో కాలం గడపకుండా చర్మ వైద్యుణ్ని కలవడం మంచిది, దానికి వేరే చికిత్సలున్నాయి.

ఇప్పుడు మా బాల్కనీ తీగ మీద సాక్సుల పక్కనే క్లిప్పులు పెట్టి నాలుగు ఇన్‌సోల్స్ వేలాడుతుంటాయి. మొన్న సంక్రాంతికి అన్నయ్యవాళ్లింటికి వెళ్తే ఆ పిల్ల గుమ్మం దగ్గరికొచ్చి, నా బూట్ల మీదికి వంగి వాసన చూసి, ఏమీ అనకుండా లోపలికి పరిగెత్తింది. కాటా మాత్రం మా ఆవిడ కొత్తది కొనుక్కుంది. పాతది ఇప్పుడు షూ ర్యాక్ పై అరలో ఉంది, మళ్లీ వంటింట్లోకి రానివ్వడం లేదు.